ఆక్సీకరణ రహిత ప్రాంగణం

మా డైరెక్టర్ డాక్టర్ విశ్వరూపరావు గారు సదస్సుకు వెళ్ళి వట్టి చేతులతో తిరిగి రావడం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. ఒకసారి నవ్వుల చికిత్స తెచ్చారు. రోగులందరినీ పొద్దున్నే వరండాలో నిలబెట్టి నవ్వించాం, నవ్వు రానివాళ్ళని మందలించాం కూడా. ఇంకోసారి ఊదారంగు తెచ్చారు. ఆ రంగు చూస్తే కణాలు శాంతిస్తాయని విని గోడలన్నిటికీ వేయించాం. ఈసారి తెచ్చింది మాత్రం అసలు సిసలైన శాస్త్రం. దాని పేరు ఆక్సీకరణ ఒత్తిడి.

నేను ఈ క్యాన్సర్ సంస్థలో ప్రజాసంబంధాల అధికారిని. డైరెక్టర్ గారికి వచ్చిన ఆలోచనను తెలుగులో పెట్టి, సర్క్యులర్ చేసి, గోడకి అంటించడం నా ఉద్యోగం. అందుచేత విషయం ఎంత పెద్దదైనా నా తెలివికి అందినంత మేరకు చెప్పగలను.

రక్త క్యాన్సర్ వచ్చిన కొందరికి మూలుగ మార్పిడి చేస్తారు. ఎముకల్లో ఉండే మూలుగే రక్తాన్ని తయారుచేస్తుంది. అది చెడినప్పుడు, ముందు బాగా ఘాటైన మందులిచ్చి పాత మూలుగని పూర్తిగా తుడిచేస్తారు. తర్వాత తోబుట్టువు దగ్గర తీసిన కణాల్ని, రక్తం ఎక్కించినట్టే, నరంలోకి ఎక్కిస్తారు. అవి వెళ్ళి ఎముకల్లో కాపురం పెట్టి కొత్త రక్తం చేస్తాయి. ఆ ఘాటు మందుల రోజుల్లో ఒంట్లో ఒకరకం విధ్వంసకర అణువులు పెరిగిపోతాయి, వాటిని అడ్డుకునే విటమిన్లు అడుగంటుతాయి. అదే ఆక్సీకరణ ఒత్తిడి. ఇనుముకి తుప్పు పట్టేదీ ఆక్సీకరణ వల్లనే. ఇంతవరకు అంతా నిజమే. మార్పిడి విభాగం చూసే డాక్టర్ సువర్చల గారు కూడా సమావేశంలో ఇక్కడిదాకా తలూపుతూనే ఉన్నారు.

"శత్రువు దొరికాడు!" అన్నారు డైరెక్టర్ గారు, బల్ల మీద చరుస్తూ. "ఇనుపగేటుకి పట్టేదీ, మన రోగికి పట్టేదీ ఒకే తుప్పు. గేటుకి పట్టకుండా ఆపలేని సంస్థ మనిషికి పట్టకుండా ఏం ఆపుతుంది? కావున మన సంస్థను దేశంలోనే మొట్టమొదటి ఆక్సీకరణ రహిత ప్రాంగణంగా తీర్చిదిద్దాలని తీర్మానించడమైనది."

"ఎవరు తీర్మానించారు సార్?" అన్నారు సువర్చల గారు.

"ఇప్పుడే తీర్మానించాం కదమ్మా, మీరు తలూపారు కూడా."

నోడల్ అధికారిగా స్టోర్సు చూసే అప్పలనరసయ్య గారిని నియమించారు. నవ్వులకీ ఊదారంగుకీ కూడా ఆయనే నోడల్. పైగా తుప్పు గురించి మా సంస్థలో ఆయనకి ఉన్నంత అనుభవం ఇంకెవరికీ లేదు. స్టోర్సులో అధికభాగం అదే.

మొదటి దశలో మంచాలూ, కిటికీ ఊచలూ, గేట్లూ గీకించి రంగులు వేయించారు. ఆ వాసనకి వాంతులు చేసుకున్న రోగుల్ని చెట్ల కిందకి మార్చాం. రెండో దశ పండ్ల మీద పడింది. కోసిన ఆపిల్ పండు గోధుమరంగుకి తిరగడం ఆక్సీకరణమే కనక కోసిన పండుకి లోపలికి ప్రవేశం లేదన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు సంచుల్లో చేతులు పెట్టి పండు కోసి ఉందో లేదో తడిమి చూసేవారు. ఇంతలో ఎవరో మంట కూడా ఆక్సీకరణమేనని గుర్తుచేశారు. వెంటనే క్యాంటీన్ పొయ్యి ఆర్పించాం. ఆ పూట డైరెక్టర్ గారికి కాఫీ రాలేదు. భోజనాల వేళకల్లా పొయ్యిని 'అత్యవసర ఆక్సీకరణ' కింద మినహాయిస్తూ సవరణ వెలువడింది. ఆ సవరణలో భాష చాలా బాగా కుదిరింది, నేనే రాశాను.

యోగా మాస్టారి కొలువుకి ఎసరొచ్చింది మూడో దశలో. ఆయన పొద్దున్నే ప్రాణాయామం చేయిస్తారు. గాఢంగా పీల్చిన కొద్దీ ఆక్సిజన్ ఎక్కువగా లోపలికి పోతుందనీ, అసలు ముడిసరుకే అదనీ అప్పలనరసయ్య గారు నివేదిక ఇచ్చారు. మాస్టారు వచ్చి బతిమాలుకుంటే, పీల్చడం తీసేసి వదలడం మాత్రం నేర్పుకోవచ్చునని అనుమతించారు.

తర్వాత ఉసిరికాయ వచ్చింది. తుప్పుని అడ్డుకునే గుణం దానికి మెండుగా ఉందని క్యాంటీన్లో ఉసిరి ఉప్మా, ఉసిరి పులిహోర, ఉసిరి టీ పెట్టారు. మార్పిడి వార్డుకి కూడా ఒక గంప పంపారు. సువర్చల గారు ఆ గంపను తిరిగి పట్టుకొచ్చి డైరెక్టర్ గారి బల్ల మీదే పెట్టారు.

"సార్, మా రోగుల దగ్గర రోగనిరోధక శక్తి అనేదే మిగల్లేదు. పచ్చికాయ మీద ఉండే చిన్న క్రిమి చాలు మనిషి పోవడానికి. వాళ్ళకి ఉడికించినవి తప్ప పెట్టం. ఆ మందులు నడుస్తుండగా విటమిన్లు కూడా మా ఇష్టమొచ్చినట్టు పొయ్యం."

 డైరెక్టర్ గారు మొండిమనిషి కాదు. ఎదుటివారు చెప్పిన దాంట్లో సబబు ఉంటే దాన్ని తన ఆదేశంలో ఎక్కడో ఒకచోట ఇముడ్చుకుంటారు.

"తినిపించవద్దు. చూపించండి" అన్నారు.

ఆనాటి నుంచి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఒక వార్డుబాయ్ పళ్ళెంలో ఉసిరికాయలు పెట్టుకుని మార్పిడి వార్డు అద్దపు గోడ అవతల నిలబడేవాడు. రోగులు అద్దంలోంచి చూసేవారు. చూసినట్టు నర్సు నమోదు చేసేది.

ఇలా ఎంత చేసినా ఫలితం కొలవకపోతే పైవాళ్ళు ఒప్పుకోరు. అందుకని రక్తపరీక్ష ఒకటి పెట్టారు, దానికి తుప్పు సూచీ అని తెలుగు పేరు నేను పెట్టాను. సూచీ తక్కువుంటే పచ్చ, మధ్యలో ఉంటే పసుపు, ఎక్కువైతే ఎరుపు పట్టీ రోగి ముంజేతికి కట్టేవాళ్ళం. వార్డు సగటు ఎంతో ద్వారం దగ్గర పెద్ద బోర్డు మీద వెలిగేది. చివరగా ఒక ఆదేశం వెలువడింది. వార్డు సగటు పచ్చలో ఉంటేనే మూలుగ మార్పిడి జరపాలి. వార్డులో చేరి ఎరుపు పట్టీ పడినవారు పచ్చలోకి వచ్చేవరకు గడప దాటరాదు. ఉల్లంఘించిన సిబ్బందిపై శాఖాపరమైన చర్య తీసుకోబడును.

ఆ ఆదేశం గోడకెక్కేసరికి లోపల గౌరునాయుడు ఉన్నాడు.

గౌరునాయుడిది బొబ్బిలి వైపు పల్లె. బోరు మోటార్లు బాగుచేస్తాడు. ఇద్దరు ఆడపిల్లలు. ఘాటు మందులు పూర్తయిపోయాయి, పాత మూలుగ తుడిచిపెట్టుకుపోయింది, ఇప్పుడతని ఒంట్లో కొత్త రక్తపు చుక్క పుట్టే దారి లేదు. అతని అక్క బంగారమ్మ సంతల్లో ఎండుచేపలు అమ్ముతుంది. ఆవిడ కణాలు సరిపోయాయి. ముందురోజే మిషన్ మీద కూర్చోబెట్టి తీశారు. అవి ఒక సంచిలో రక్తనిధి ఫ్రిజ్‌లో ఉన్నాయి, రెండు మూడు రోజులకి మించి నిలవవు. గౌరునాయుడి చేతికి ఎరుపు పట్టీ ఉంది. వార్డులో ఉన్న తక్కిన వాళ్ళందరికీ కూడా ఎరుపే.

సువర్చల గారు కోపంగా, ఈ కార్యక్రమం నడిపే సమన్వయ సంఘం ముందుకి వచ్చారు. మినిట్స్ రాసుకోవడానికి నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, ఆ మందులిస్తే సూచీ ఎరుపులోకి పోవడం సహజం. పోకపోతేనే ఆశ్చర్యం. కొత్త మూలుగ నాటుకున్నాక మెల్లగా అదే దిగుతుంది."

"దిగుతుందని మీరే ఒప్పుకుంటున్నారు కదా."

"మార్పిడి అయ్యాక దిగుతుంది సార్."

"అయితే దిగాక మార్పిడి చెయ్యండి. ఎవరొద్దన్నారు?"

"మార్పిడి చెయ్యకపోతే దిగడానికి మనిషి ఉండడు!"

డైరెక్టర్ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "డాక్టరమ్మా, భావోద్వేగాలకు లోనవుతున్నారు. సంస్థ వైఖరి సుస్పష్టం. రోగి పరిస్థితి మెరుగుపడిన పిమ్మట చికిత్స అందించబడును. మెరుగుపడకుండా చికిత్స చేస్తే మన గణాంకాలు ఏమైపోతాయి?"

అప్పలనరసయ్య గారు బలపరిచారు. నేను మినిట్స్ రాసుకున్నాను. 

బయట వరండాలో బంగారమ్మ నన్ను పట్టుకుంది. మెడలో కార్డు ఉంది కాబట్టి నేనూ ఏదో ఒక రకం డాక్టర్నని ఆవిడ నమ్మకం.

"బాబూ, నాను నిన్ననే ఇచ్చీసినాను గదా. ఇంకా ఎక్కించనేదేటి?"

"సూచీ ఎరుపులో ఉందమ్మా. పచ్చలోకి రావాలి."

"అదెలగొస్తాది?"

"మార్పిడి చేస్తే వస్తుందట."

"మరి సెయ్యండి."

"పచ్చలోకి వస్తేనే చేస్తారు."

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. ఆ చూపులో కోపం కంటే జాలి ఎక్కువ ఉంది, అదే నాకు బాధనిపించింది. "బాబూ, మీకు ఒంట్లో బాగుందా?" అంది. "ఆడికి మందులెట్టి ఉన్నదంతా తీసీసినారు. ఇప్పుడు తలుపు మూసీసి బాగైపోయి రా అంటారేటి? ఆడు సచ్చిపోతే ఆ బోర్డు మీద పచ్చలైటు ఎలిగితే మాకేటి, ఎలక్కపోతే మాకేటి?"

 ఎప్పుడూ ఏదో ఒక జవాబు తయారుగా ఉండాల్సిన ఉద్యోగం నాది. ఆ రోజు నాకు సిగ్గేసింది, ఆ మాట దాచుకోను.

సాయంత్రం మళ్ళీ సంఘం కూర్చుంది. ఎలాగైనా సగటు దించాలి, మార్గం చెప్పండి అని డైరెక్టర్ గారు అడిగారు. అప్పలనరసయ్య గారి బుర్ర ఇలాంటి వేళల్లోనే పనిచేస్తుంది. "సార్, ఆదేశంలో వార్డు సగటు అనే ఉంది. రోగులు ఎరుపులో ఉంటే ఉండనివ్వండి. ఆరోగ్యవంతుల్ని కొందరిని ఆ వార్డు పేరు మీద చేర్చుకుంటే సగటు అదే పచ్చలోకొస్తుంది" అన్నారు.

 ఇంత తేలికైన ఉపాయం ఇంతకాలం ఎవరికీ తట్టనందుకు డైరెక్టర్ గారు విచారం వెలిబుచ్చారు. సువర్చల గారు ఒకే ఒక్క షరతు పెట్టారు. చేరేవాళ్ళెవరూ లోపలి గదుల వైపు రాకూడదు, వార్డు మొదట్లో ఉన్న విడిగదిలోనే ఉండాలి. అందుకు అంతా సరేనన్నారు.

ఆరోగ్యవంతుల కోసం సిబ్బందికి పరీక్షలు మొదలుపెట్టాం. అకౌంట్స్ సూపరింటెండెంటు గారిది ఎరుపు. సెక్యూరిటీవాళ్ళది ఎరుపు, వాళ్ళకి బీడీలున్నాయి. అప్పలనరసయ్య గారిది ఎరుపు, ఆయనకి బజ్జీలున్నాయి. నాది పసుపు, అదే గొప్పని అభినందించారు. మొత్తం ఆసుపత్రి చుట్టూ వెదికితే పచ్చలో తేలింది బంగారమ్మ ఒక్కతే. ఆవిడని చేర్చుకుందామంటే ఇప్పటికే దాతగా నమోదై ఉంది, ఒకే మనిషి రెండు పద్దుల్లో ఉండడానికి వీల్లేదు.

అప్పుడు డైరెక్టర్ గారు లేచి నిలబడ్డారు. "నాలుగు నెలలుగా పరగడుపున ఉసిరిరసం తాగుతున్నాను. నాకు మించిన పచ్చదనం ఈ ప్రాంగణంలో ఎక్కడిది? సంస్థ కోసం నేనే చేరతాను. ఆదర్శ రోగి అని రాసుకోండి. విలేకరుల్ని పిలవండి."

మరునాడు ఉదయం చప్పట్ల మధ్య విడిగదిలో చేరారు. రోగుల చొక్కా తొడుక్కుని మంచం మీద కూర్చుని చెయ్యి చాపారు. కెమెరాల ముందు రక్తం తీశారు. "ఈ రక్తం ఈ వార్డుకి దిక్సూచి కాబోతున్నది" అని ఆయన అన్నమాట నేను పత్రికా ప్రకటనలో పెట్టాను. ఫలితం వచ్చేలోగా విలేకరులకి ఉసిరి టీ ఇచ్చాం.

ఫలితం కాగితం చేతిలో పెట్టుకుని ల్యాబువాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. ఎవరు లోపలికి వెళ్ళాలో వాళ్ళలో వాళ్ళకి తేలలేదు. చివరికి సువర్చల గారు తీసుకుని చదివారు. బీపీ, షుగరు, రాత్రిపూట సిగరెట్లూ, సదస్సుల విందు భోజనాలూ అన్నీ కలిపి లెక్క తేల్చుకున్నాయి. గౌరునాయుడి సూచీ కంటే డైరెక్టర్ గారిది రెండు మెట్లు పైనే ఉంది. బోర్డు మీద వార్డు సగటు ఇంకాస్త పైకి పాకింది. నర్సు వచ్చి ఆయన ముంజేతికి ఎరుపు పట్టీ కట్టేసింది.

"ఇది ల్యాబ్ పొరపాటు" అన్నారాయన, చెప్పుల కోసం మంచం కింద కాళ్ళతో వెతుక్కుంటూ. "నేను వెళ్ళి మళ్ళీ చేయిస్తాను."

"వెళ్ళడానికి లేదు సార్" అంది నర్సు. "వార్డులో చేరి ఎరుపు పట్టీ పడినవాళ్ళు పచ్చలోకి వచ్చేవరకు గడప దాటకూడదు. దాటనిస్తే నా మీద శాఖాపరమైన చర్య తీసుకుంటారు."

గుమ్మం దగ్గర సెక్యూరిటీవాళ్ళు ఇద్దరు నిలబడ్డారు. ఆదేశం కాపీ వాళ్ళ జేబులోనే ఉంది, నేనే పంచాను.

"అయితే ఆదేశాన్ని సవరిస్తున్నాను. ఫైలు తీసుకురండి, సంతకం పెడతాను!"

అకౌంట్స్ సూపరింటెండెంటు గారు తలుపు దగ్గర్నుంచే దండం పెట్టారు. "తమరు లోపలి రోగిగా నమోదయ్యారు సార్. నమోదైన క్షణం నుంచీ మెడికల్ లీవు కిందే లెక్క. లీవులో ఉన్నవారు సంతకం పెడితే ఆడిట్ ఒప్పుకోదు. ఛార్జి సీనియారిటీ ప్రకారం తరవాతివారికి పోతుంది."

"ఎవరికి?"

 డిప్యూటీ డైరెక్టర్ పోస్టు ఎప్పట్నుంచో ఖాళీ. సీనియారిటీలో తరవాతి పేరు డాక్టర్ సువర్చల గారిది.

ఆవిడ డైరెక్టర్ గారి గదికి కూడా వెళ్ళలేదు. అక్కడే నర్సు బల్ల మీద నా చేత రాయించారు. ఇరవయ్యేళ్ళుగా ఆదేశాలు రాస్తున్నాను, ఇంత చిన్నది ఎప్పుడూ రాయలేదు. 'మూలుగ మార్పిడికి తుప్పు సూచీతో సంబంధం లేదు. డాక్టరు చెప్పిన వేళకి జరపవలెను.' 'తీర్మానించడమైనది' అని చివర చేర్చనా అని అడిగాను. ఆవిడ నా చేతిలోంచి కాగితం లాక్కుని సంతకం పెట్టి, చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళిపోయారు.

రక్తనిధి నుంచి సంచి వచ్చింది. అంత రాద్ధాంతానికి కారణమైనది చూస్తే ఇంతే ఉంది. పలచని టమాటా చారు రంగులో, ఒక చేతిలో ఇమిడిపోయే సంచి. స్టాండుకి తగిలించారు. గౌరునాయుడు గొట్టం వైపు చూస్తూ పడుకున్నాడు. అద్దం ఇవతల బంగారమ్మా, ఆవిడ పక్కన నేనూ నిలబడ్డాం. ఇంటర్‌కమ్‌లో అక్కాతమ్ముళ్ళు మాట్లాడుకున్నారు.

"అప్పా, సేపల వాసనొస్తందే" అన్నాడు గౌరునాయుడు, నవ్వడానికి ప్రయత్నిస్తూ.

"రానీరా, అది నా రక్తమే. ఎళ్ళినకాడ సక్కగా కూకోమని సెప్పినాన్లే దానికి" అంది ఆవిడ. తరవాత మొహం అటు తిప్పుకుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నా కళ్ళు కూడా నా మాట వినలేదు.

అటు విడిగదిలో డైరెక్టర్ గారు ఎడతెగకుండా గంట నొక్కుతున్నారు. ఆయనకి ఆకలేస్తోంది. మార్పిడి వార్డు రోగులకి పచ్చికాయలు పెట్టడం నిషిద్ధం కనక, వార్డుబాయ్ పళ్ళెం తెచ్చి అద్దం అవతల నిలబడ్డాడు. ఆయన చూశారు. చూసినట్టు నర్సు నమోదు చేసింది.

వారాలు గడిచాయి. కొత్త మూలుగ నాటుకుంది. గౌరునాయుడి రక్తకణాలు ముందు తడబడుతూ, తర్వాత ధైర్యంగా లేచాయి. జ్వరం వచ్చి భయపెట్టి పోయింది. సూచీ ఎవరూ అడక్కుండానే ఎరుపులోంచి పసుపులోకీ, పసుపులోంచి పచ్చలోకీ దిగింది. డైరెక్టర్ గారిది మాత్రం ఎరుపులోనే ఉండిపోతే, సువర్చల గారే జాలిపడి ఇంకో చిన్న ఆదేశం రాయించి ఆయన్ని బయటికి పంపారు. ఆయన మళ్ళీ కుర్చీలో కూర్చున్నారు. కూర్చోగానే తాను లేని సమయంలో జరిగిన అవకతవకలపై విచారణకి ఆదేశించారు.

విచారణ నిష్పక్షపాతంగా జరిగింది. ఇన్‌ఛార్జిగా ఆవిడ సంతకం చెల్లుతుందని ఆడిట్ తేల్చడంతో సువర్చల గారిని ఏమీ అనలేకపోయారు. ఎవరినో ఒకరిని అనకపోతే విచారణ ముగియదు. అందుచేత మెమో గౌరునాయుడికి వెళ్ళింది. అందులో భాష నాదే గానీ భావం నాది కాదు. 'ఎరుపు పట్టీ కలిగి ఉండగానే, సంస్థ నిర్దేశించిన క్రమమునకు విరుద్ధముగా, ముందస్తు అనుమతి లేకుండా కోలుకొనుటకు గల కారణములను తెలుపుచు వ్రాతపూర్వకముగా సంజాయిషీ ఇవ్వవలెను.'

దాన్ని స్వయంగా అందజేయడానికి నన్నే పంపారు. డిశ్చార్జి అయ్యి అక్కాతమ్ముళ్ళు గేటు దగ్గర ఆటో కోసం చూస్తున్నారు. గౌరునాయుడికి నెత్తిన కొత్త వెంట్రుకలు నూగులా వస్తున్నాయి. ముక్కుకి మాస్కు ఉంది. బంగారమ్మ చేతిలో మందుల సంచి. మెమో ఏమిటో చదివి చెప్పమంది. చదివాను. 

బంగారమ్మ మొత్తం విన్నది. కోప్పడుతుందని ఎదురుచూశాను, తిట్టినా పడదామని సిద్ధపడే వెళ్ళాను. ఆవిడ కాగితం అందుకుని, అటూ ఇటూ తిప్పి, నా జేబులోంచి పెన్ను తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"ఎట్రా సంతకం" అంది. "ఎన్నడుగుతే అన్నిటికీ ఎట్టు. సచ్చిపోయినోళ్ళని ఎవులూ అడగరు."

గౌరునాయుడు ఆటో సీటు మీద కాగితం ఆనించి తన పూర్తి పేరు రాశాడు.